'చికిత్స పొందుతూ మృతి' అన్న మాట వెనక ఏముంది?

రోడ్డు ప్రమాద బాధితుల ఉచిత వైద్యం, గాయాల మరణాల సమీక్ష: కర్నూలు, కడప ప్రాంతాల కార్డుదారుల కోసం

పొద్దున్నే పేపరు తిరగేస్తే జిల్లా పేజీలో ఈ వాక్యం లేని రోజు ఉండదు: "తీవ్రంగా గాయపడిన అతన్ని ఆసుపత్రికి తరలించగా చికిత్స పొందుతూ మృతి చెందాడు." జర్నలిజం చదివే రోజుల్లో నేను కూడా ఈ వాక్యం చాలాసార్లు రాశాను. రాయడం సులువు. ఎవరినీ నొప్పించదు, ఏ ప్రశ్నా అడగదు. మనిషి రోడ్డు మీద ఎంతసేపు పడి ఉన్నాడు, మొదట ఎవరు చెయ్యి వేశారు, ఎన్ని ఆసుపత్రులు తిరిగాడు, రక్తం ఎప్పుడు ఎక్కింది అన్నవి అందులో ఎక్కడా కనిపించవు.

ఆ ప్రశ్నలు అడగడానికి వైద్యంలో ఒక పద్ధతి ఉంది. గాయాలతో చనిపోయిన ఒక్కొక్కరి కేసునూ తీసి, "ఈ మనిషి బతికే అవకాశం ఉండిందా? ఉంటే ఎక్కడ పోయింది?" అని వరుసగా చూస్తారు. దీన్ని నివారించదగిన మరణాల సమీక్ష అంటారు. ఆసుపత్రి వాళ్ళ మాటలో డెత్ ఆడిట్. ప్రభుత్వ ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాల్లో డెత్ ఆడిట్ ఒక అంశం. గాయాల మరణాలను ఎలా సమీక్షించాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇది డాక్టర్ల సంగతి కదా, మాకెందుకు అనుకోవద్దు. ఆ సమీక్షకు కావలసిన సమాచారంలో దాదాపు సగం మీ దగ్గరే ఉంటుంది.

ఒక రాత్రి లెక్క

అర్థం కావడానికి ఒక కల్పిత ఉదాహరణ చెప్తాను. 28 ఏళ్ళ మనిషి వెల్దుర్తి వైపు నుంచి బండి మీద ఊరికి పోతున్నాడు. రాత్రి 8:10కి లైట్లు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన ట్రాక్టర్ ట్రాలీని గుద్దుకున్నాడు. నలుగురైదుగురు ఆగారు గానీ, పోలీసు కేసు మన మెడకు చుట్టుకుంటుందేమోనని ఎవరూ ముట్టుకోలేదు. 8:40కి ఒకాయన 108కి ఫోన్ చేశాడు. 9:05కి అంబులెన్స్ వచ్చింది. 9:30కి దగ్గరలోని ఆసుపత్రిలో చేర్చారు. సెలైన్ పెట్టి, కట్టు కట్టి, కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. ఇంటివాళ్ళు వచ్చి, డబ్బులు చూసుకొని, బండి మాట్లాడుకొని బయల్దేరేసరికి 10:15. కర్నూలు చేరేసరికి 11:05. స్కానింగ్ 11:50కి అయింది. ఎడమ పక్క పక్కటెముకల కింద ప్లీహం పగిలి కడుపులో రక్తం నిండిందని తేలింది. రక్తం దొరికి ఎక్కించేసరికి 12:40. ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుపోతుండగా 1:20కి ప్రాణం పోయింది.

పేపర్లో ఇది ఒక్క వాక్యం. సమీక్షకు కూర్చున్నవాళ్ళు మాత్రం గడియారం ముందు పెట్టుకుంటారు. పడ్డప్పటి నుంచి పోయేదాకా 310 నిమిషాలు. ఫోన్ చేయడానికి ముందు 30 నిమిషాలు పోయాయి. మొదటి ఆసుపత్రి నుంచి కదలడానికి 45 నిమిషాలు పోయాయి. పెద్దాసుపత్రి గుమ్మం నుంచి రక్తం ఎక్కడానికి 95 నిమిషాలు పట్టింది. మొత్తం 170 నిమిషాలు, అంటే సగానికి పైగా సమయం. ఆ 170 నిమిషాల్లో ప్రయాణం ఒక్క నిమిషం కూడా లేదు.

ఇక్కడ 'ఎవరు తప్పు చేశారు' అని మొదలుపెడితే ముగ్గురూ ఇంకొకరి వైపు వేలు చూపిస్తారు. ఊరివాళ్ళు అంబులెన్స్ అంటారు, అంబులెన్స్ వాళ్ళు ఆసుపత్రి అంటారు, ఆసుపత్రి వాళ్ళు "ఆలస్యంగా తెచ్చారు" అంటారు. అందుకే సమీక్షలో మనిషిని కాదు, నిమిషాలను పట్టుకుంటారు. సర్జన్, ఎముకల డాక్టర్, మత్తు డాక్టర్, ఎమర్జెన్సీ నర్సు, అంబులెన్స్ వైపు నుంచి ఒకరు ఇలా వేర్వేరు పనులవాళ్ళు కలిసి కూర్చోవడం మంచి పద్ధతి. చివరికి ఆ మరణాన్ని మూడింటిలో ఒకటిగా తేలుస్తారు: కచ్చితంగా ఆపగలిగినది, ఆపే అవకాశం ఉండినది, ఎవరూ ఆపలేనిది. పైన చెప్పిన మనిషి కేసు మొదటి రెండింటిలో ఒకటి అవుతుంది. ప్లీహం పగిలినవాళ్ళు సమయానికి రక్తం, ఆపరేషన్ అందితే చాలావరకు బతుకుతారు.

ఎవరూ ఆపలేనివి కూడా ఉంటాయి. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బస్సు తగలబడి ప్రయాణికులు లోపలే సజీవదహనమయ్యారు. వాళ్ళను ఏ ఆసుపత్రీ కాపాడలేకపోయేది. అది రోడ్డు, వాహనం, అత్యవసర ద్వారం లెక్కలోకి వస్తుంది, వైద్యం లెక్కలోకి రాదు. ఏది ఏ లెక్కో విడదీయడం కూడా ఈ సమీక్షలో భాగమే.

గాయం మనిషిని ఎలా తీసుకుపోతుంది?

నేను డాక్టర్ని కాను. డాక్టర్లు అందరికీ చెప్పే నాలుగు మాటలే ఇక్కడ చెప్తున్నాను, ఎందుకంటే సమీక్షల్లో మళ్ళీ మళ్ళీ బయటపడేవి ఇవే.

మొదటిది ఊపిరి. స్పృహ తప్పి వెల్లకిలా పడి ఉన్న మనిషికి నాలుక వెనక్కి జారి, లేదా రక్తం, వాంతి గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆగుతుంది. మనవాళ్ళు ప్రేమతో చేసే పని, నోట్లో నీళ్ళో సోడానో పోయడం. స్పృహ లేనివాడికి అవి కడుపులోకి పోవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దయచేసి పోయొద్దు.

రెండోది రక్తం. బయట కారే రక్తం కనిపిస్తుంది. శుభ్రమైన తువ్వాలుతో గట్టిగా అదిమి పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది, మాటిమాటికీ తీసి చూడకూడదు. కనిపించని రక్తం ఇంకా ప్రమాదం. తొడ ఎముక విరిగితే పైకి చుక్క కారకుండానే లోపల లీటరుకు పైగా పోవచ్చు. కటి ఎముక విరిగినా, కడుపుకు దెబ్బ తగిలినా అంతే. పాలిపోయి, చెమటలు పట్టి, ఒళ్ళు చల్లబడి, దాహం అంటున్నాడంటే లోపల రక్తం పోతున్నట్టు అనుకోవాలి.

రక్తం గడ్డకట్టి నిలబడేలా చేసే ట్రానెక్సమిక్ యాసిడ్ అనే చవకైన ఇంజెక్షన్ ఉంది. 20 వేల మందికి పైగా గాయపడినవారి మీద చాలా దేశాల్లో జరిగిన క్రాష్-2 పరిశోధన ఫలితాలు 2010లో వచ్చాయి. దెబ్బ తగిలిన 3 గంటల లోపు ఇస్తేనే దాని మేలు, ఎంత ముందు ఇస్తే అంత మేలు. పైన చెప్పిన మనిషికి మొదటి ఆసుపత్రిలో 9:30కి అది ఇచ్చారా లేదా? సమీక్షలో అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది.

మూడోది తల. "బాగానే మాట్లాడాడు సార్, టీ కూడా తాగాడు, గంటలో పోయాడు" అనే మాట ఈ ఉద్యోగంలో చాలాసార్లు విన్నాను. పుర్రె లోపల రక్తం మెల్లగా చేరుతుంటే కాసేపు మనిషి మామూలుగానే ఉంటాడు. తలకు గట్టి దెబ్బ తగిలి, ఒక్కసారి స్పృహ తప్పినా, వాంతులైనా, మత్తుగా పడుకుంటున్నా "నిద్రపోనీలే" అనొద్దు, తీసుకుపోండి.

నాలుగోది మనం ఎత్తే తీరు. కాళ్ళు ఒకరు, చేతులు ఒకరు పట్టి ఆటోలోకి ఎత్తేస్తే మెడ ఎముక విరిగి ఉన్నవాడికి వెన్నుపాము తెగొచ్చు. అంబులెన్స్ వస్తుంటే తల, మెడ కదలకుండా పట్టుకొని ఆగడమే మేలు. బండి మంటల్లో ఉంటే, లేదా అంబులెన్స్ ఎలాగూ రాదని తెలిస్తే సంగతి వేరు.

ఇలా లెక్క తీస్తే మారిందా ఎక్కడైనా?

మారింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో రెండు జిల్లాలాంటి ప్రాంతాలు ఉన్నాయి, శాన్‌ఫ్రాన్సిస్కో, ఆరెంజ్ కౌంటీ. మొదటి చోట గాయపడినవాళ్ళందరినీ ఒకే పెద్ద ట్రామా ఆసుపత్రికి తెచ్చేవారు. రెండో చోట ఏది దగ్గరుంటే అక్కడికి. డాక్టర్లు రెండు చోట్లా మరణాల కేసులు తీసి పోల్చి, 1979లో ఫలితం ప్రచురించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపగలిగినదని తేలిన మరణం ఒక్కటే. ఆరెంజ్‌లో తలకు కాకుండా ఇతర గాయాలతో పోయినవారిలో దాదాపు మూడింట రెండొంతుల మంది బతకాల్సినవాళ్ళేనని తేలింది. ఆ తర్వాత ఆరెంజ్‌లో కొన్ని ఆసుపత్రులను ట్రామా కేంద్రాలుగా ఎంపిక చేసి, గాయపడినవాళ్ళను నేరుగా వాటికే తెచ్చారు. ఆపదగిన మరణాలు బాగా తగ్గాయి.

అమెరికా కథ మనకెందుకు అంటారా? మన దేశంలో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా లాంటి నగరాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగిన 2,523 గాయాల మరణాలను డాక్టర్లు ఇలాగే పరిశీలించి 2017లో ప్రచురించారు. వాటిలో సగానికి పైగా ఆపదగినవేనని తేలింది. కారణాల్లో పెద్దవి ఊపిరి దారి సమయానికి చూడకపోవడం, రక్తస్రావం ఆపడంలో ఆలస్యం, ముందుగా రాసిపెట్టుకున్న పద్ధతి లేకపోవడం. ఇవి కోట్ల రూపాయల యంత్రాలతో తీరే లోపాలు కావు.

ఇంకా దగ్గర ఉదాహరణ మీ ఇంటి గడపలోనే ఉంది. బాలింత చనిపోతే ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఆ ఇంటికి వచ్చి, నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఎప్పుడు బయల్దేరారు, ఏ ఆసుపత్రి ఎక్కడికి పంపింది అని అడిగి రాసుకుంటారు. 2010 నుంచి దేశమంతా ఈ మాతృ మరణాల సమీక్ష నడుస్తోంది. బయల్దేరడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, ఆసుపత్రిలో ఆలస్యం అని మూడుగా విడదీసి చూస్తారు. 2018-20 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతుంటే మన రాష్ట్రంలో 45. ఆసుపత్రి కాన్పులు, 108, రక్తనిల్వలు అన్నీ కలిసి సాధించిన తగ్గుదల ఇది. ఎక్కడ లోపముందో ఇంటింటికీ పోయి అడగడం కూడా అందులో ఒక భాగం. రోడ్డు మీద పోయే కొడుకు విషయంలోనూ అదే శ్రద్ధ ఎందుకు ఉండకూడదు? 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు.

డబ్బు కోసం ఆగిన నిమిషాలు

పైన ఉదాహరణలో 9:30 నుంచి 10:15 దాకా ఏం జరిగింది? అందులో పెద్ద భాగం డబ్బుల కోసం ఫోన్లు. సంక్షేమ పథకాలు ఉన్నది సరిగ్గా ఈ నిమిషాల కోసం. కాబట్టి ఇవి గుర్తుంచుకోండి.

ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనందరం ఆరోగ్యశ్రీ అని పిలుచుకునే పథకంలో తీవ్ర గాయాల చికిత్సలు ఉన్నాయి. 2007లో మొదలైనప్పటి నుంచి పేరు మారుతూ వచ్చింది, కార్డు పట్టుకొని పేరు దగ్గర గొడవపడక్కర్లేదు. అత్యవసర కేసులో ముందు వైద్యం మొదలుపెట్టి, అనుమతి ఫోన్లో తీసుకునే ఏర్పాటు ఆసుపత్రులకు ఉంది. కార్డు ఇంట్లో ఉండిపోయిందని మనిషిని గేటు దగ్గర ఆపుకోవద్దు, కార్డు వెనక రావచ్చు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో కార్డుదారుల కోసం ఒక మిత్ర ఉంటారు. కొందరు ఆరోగ్యమిత్ర అంటారు, కొందరు వైద్యమిత్ర అంటారు. ఏ పేరుతో అడిగినా చూపిస్తారు. సందేహం ఉంటే 104కి ఫోన్ చేయండి.

రెండోది చాలామందికి ఇంకా తెలియదు. కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసిన రోడ్డు ప్రమాద బాధితుల నగదురహిత చికిత్స పథకం. మోటారు వాహనం వల్ల ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగినా, బాధితుడికి ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, రూ. 1.5 లక్షల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో డబ్బు కట్టకుండా వైద్యం. దీనికి రేషన్ కార్డు అక్కర్లేదు, పేద ధనిక తేడా లేదు, వేరే రాష్ట్రం లారీ డ్రైవరుకైనా వర్తిస్తుంది. పోలీసులు ప్రమాదం వివరాలు ఆన్‌లైన్లో ధ్రువీకరించాలి, కాబట్టి పోలీసులకు చెప్పడం మానొద్దు. గుర్తింపు లేని ఆసుపత్రి అయినా ముందు ప్రాణం నిలిపి, తర్వాత పంపాలి.

"ముందు పోలీసు కాగితం తెండి" అనడం చెల్లదు. గాయపడినవాడికి ముందు వైద్యం, తర్వాతే మిగతా తతంగం అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చింది. సాయం చేసినవాళ్ళ సంగతి కూడా చట్టంలో ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, గాయపడినవాణ్ణి మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవారి మీద కేసు పెట్టకూడదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. తీవ్ర ప్రమాదంలో మొదటి గంటలోనే బాధితుణ్ణి ఆసుపత్రికి చేర్చినవారికి ఇచ్చే కేంద్ర బహుమతిని 2025లో రూ. 5 వేల నుంచి రూ. 25 వేలకు పెంచారు. ఆ ట్రాలీ దగ్గర నిలబడి చూసిన నలుగురైదుగురికి ఇది తెలిసి ఉంటే 30 నిమిషాలు మిగిలేవి.

మీరు దాచిపెట్టాల్సినవి

సమీక్షకు పెద్ద శత్రువు రాయని టైము. 108కి ఫోన్ వచ్చిన టైము వాళ్ళ దగ్గర నమోదవుతుంది, దారిలో ఏం చేశారో కూడా వాళ్ళు రాస్తారు. పెద్దాసుపత్రిలో చేరిన టైము కేస్ షీట్‌లో ఉంటుంది. మధ్యలో ఆటోలో పోయిన దారి, చిన్న ఆసుపత్రిలో కూర్చున్న సేపు, ఇవే చాలాసార్లు ఎక్కడా ఉండవు. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. బద్వేలు నుంచి, రాయచోటి నుంచి కడప రిమ్స్‌కు పోవాలన్నా దూరమే, రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ కూడా దిగాలి. ఇంత దూరాలున్న చోట ఆ మధ్య ముక్క లేకపోతే కథే లేదు.

కాబట్టి ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపేటప్పుడు రెఫరల్ చీటీ అడిగి తీసుకోండి. ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి పంపుతున్నారు, ఏ ఇంజెక్షన్లు ఇచ్చారు, బీపీ ఎంత అనేవి అందులో ఉండాలి. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి ఒక ఫోన్ చేసి "ఇలాంటి కేసు వస్తోంది" అని చెప్పమని కూడా అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది చేస్తారు.

చికిత్స రికార్డులు అడిగే హక్కు మీకుంది. రోగి గానీ, తరఫువాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమాలు 2002 నుంచీ చెప్తున్నాయి. నోటితో కాకుండా కాగితం మీద అడిగి, తేదీ వేయించుకోండి.

ఇక అన్నిటికంటే కష్టమైన మాట, పోస్ట్‌మార్టం. "పోయినవాణ్ణి ఇంకా కోయడమెందుకు సార్" అని తల్లులు కాళ్ళ మీద పడతారు. వాళ్ళకు ఎదురు చెప్పడానికి ఎవరికైనా నోరు రాదు. అయినా చెప్పాలి. లోపల ఏం పగిలింది, ఎంత రక్తం చేరింది అన్నది చాలా కేసుల్లో పోస్ట్‌మార్టంలోనే తేలుతుంది. అది లేకుండా ఆ మరణం ఆపదగినదో కాదో ఎవరూ గట్టిగా చెప్పలేరు. బతికున్నవాళ్ళకు కూడా ఆ కాగితం కావాలి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి రూ. 20 కట్టే సురక్షా బీమాలో రూ. 2 లక్షలు రావాలన్నా, గుద్ది పారిపోయిన వాహనం కేసులో మరణానికి ఇచ్చే రూ. 2 లక్షల పరిహారం రావాలన్నా ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు అడుగుతారు.

ఆసుపత్రి నుంచి గానీ, ఆరోగ్య సిబ్బంది గానీ తర్వాత వచ్చి ఆ రాత్రి ఏం జరిగిందని అడిగితే, మందు తాగి ఉన్నాడని, హెల్మెట్ లేదని, ముందు నాటు కట్టు కట్టించామని చెప్పడానికి వెనకాడొద్దు. ఆ సమీక్షలో వాళ్ళు చూసేది సమయం ఎక్కడ పోయిందన్నది. మీరు దాచిన గంట వాళ్ళ లెక్కలో ఆసుపత్రి ఖాతాలోనో, అంబులెన్స్ ఖాతాలోనో పడుతుంది, సరిదిద్దాల్సింది ఇంకెక్కడో మిగిలిపోతుంది.

డాక్టరు నిర్లక్ష్యం చేశారని మీరు నిజంగా నమ్మితే దారి వేరే ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. సమీక్షను, ఫిర్యాదును కలపొద్దు. సమీక్షలో చెప్పిన మాట శిక్షకు దారి తీస్తుందని భయం పుడితే, రెండోసారి ఏ నర్సూ నిజం చెప్పదు.

ఇంకొక్క చిన్న పని. 108కి, బంధువులకు మీరు చేసిన ఫోన్ల టైములన్నీ మీ ఫోన్ కాల్ లిస్టులో ఉంటాయి. కొన్నాళ్ళకు పాతవి పోతాయి. ఆ రాత్రివి స్క్రీన్‌షాట్ తీసి, రెఫరల్ చీటీ ఫోటోతో పాటు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపి పెట్టుకోండి.